డైపోల్ అంటే 73 ఓంలేనా?

సంపాదకుడు గారికి,

ఈసీఈ చదివే ఏ విద్యార్థిని అడిగినా హాఫ్ వేవ్ డైపోల్ (సగం తరంగదైర్ఘ్యం పొడవున్న తీగ యాంటెన్నా) ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చూపే మొత్తం అడ్డు, 73 ఓంలు అని ఠక్కున చెప్తారు. మేడ మీద తీగ కట్టి కొలిస్తే అదే ఎందుకు రాదంటే మాత్రం నోరు మెదపరు. తప్పు పిల్లలది కాదు, మన ల్యాబుల్లో ఆ ప్రశ్నే రాదు.

దీన్ని చూపించడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల తయారుచేసిన, యాంటెన్నాల లెక్కలు కట్టే నెక్-2 ప్రోగ్రాము ఉచితం, దాని మీద నడిచే 4నెక్2 మామూలు ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది. తీగను చిన్న ముక్కలుగా తీసుకుని ఒక్కోదానిలో కరెంటు ఎంతో లెక్కగట్టి, ఫీడ్ (కేబుల్ కలిపే చోటు) దగ్గర వోల్టేజిని కరెంటుతో భాగించి ఇంపెడెన్స్ చెప్తుంది. ముక్కలు బేసి సంఖ్యలో ఉంటే ఫీడ్ సరిగ్గా మధ్యలో పడుతుంది, ముక్కలు పెంచినా జవాబు మారకపోతేనే దాన్ని నమ్మాలి.

హామ్‌లు (లైసెన్సు ఉన్న అమెచ్యూర్ రేడియో వాళ్లు) వాడే 7.1 మెగాహెర్ట్జ్‌కి సగం తరంగదైర్ఘ్యం 21.1 మీటర్లు. అంత పొడవున్న సన్నని తీగకు శూన్యంలో 73 ఓంల రెసిస్టెన్స్‌తో పాటు 42 ఓంల పైచిలుకు రియాక్టెన్స్ (శక్తిని ఖర్చు చేయకుండా దాచి తిరిగిచ్చే అడ్డు) కూడా ఉంటుంది, పరీక్షల్లో అందరూ వదిలేసేది ఈ రెండో అంకెనే. సుమారు ఇరవైన్నర మీటర్లకు కత్తిరిస్తే ఆ రియాక్టెన్స్ సున్నాకి వస్తుంది. ఇప్పుడు కింద నేల పెట్టండి, ఆదర్శ వాహకంగా కాదు, నేల అసలు గుణాలను లెక్కలోకి తీసుకునే సొమర్‌ఫెల్డ్ పద్ధతిలో అసలు నేలగా. పది మీటర్ల ఎత్తులో రెసిస్టెన్స్ 73 దాటిపోతుంది, నాలుగైదు మీటర్లకు దించితే బాగా పడిపోతుంది, ఇరవై మీటర్ల పైన మళ్లీ 70 చుట్టుపక్కలకు వస్తుంది. పుస్తకంలోని ఒక్క అంకె వెనక ఇంత ఉందని తెరమీద చూసిన పిల్లలు దాన్ని మర్చిపోరు.

తర్వాత తీగ కట్టించి, కొన్ని వేల రూపాయలకే దొరికే నానోవీఎన్ఏ అనే ఇంపెడెన్స్ కొలిచే చిన్న పరికరంతో కొలిపించాలి. తేడా వస్తుంది, చాలాసార్లు కోయాక్స్ (యాంటెన్నాకు వెళ్లే కేబుల్) పైతొడుగు మీద పారే కరెంటు వల్ల. మోడల్‌లో మనం కేబుల్ పెట్టలేదు కదా! ఆ కరెంటును అడ్డుకునే బాలన్ ఎందుకో అక్కడే అర్థమవుతుంది.

హుద్‌హుద్ లాంటి తుపాను వచ్చి సెల్ టవర్లు పడిపోయినప్పుడు హామ్‌లు దొరికిన స్తంభానికో చెట్టుకో తక్కువ ఎత్తులోనే తీగ కట్టాల్సి వస్తుంది, అప్పుడు పనికొచ్చేది ఈ లెక్కే. మన సాంకేతిక విశ్వవిద్యాలయాలు యాంటెన్నా ల్యాబులో ఈ ప్రయోగాన్ని, సిమ్యులేషన్, కొలత రెండూ కలిపి, వచ్చే విద్యా సంవత్సరం నుంచే తప్పనిసరి చేయాలి.

– ఒక ఈసీఈ అధ్యాపకుడు, కాకినాడ