వావిలాల గోపాలకృష్ణయ్య గారి గురించి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. నిన్న ఒక సభ్యులు వావిలాల గారు ఏ పార్టీ ఎమ్మెల్యే అని అడిగారు కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో పుట్టిన ఆయన, గ్రంథాలయోద్యమం, స్వాతంత్ర్యోద్యమాల మీదుగా రాజకీయాల్లోకి వచ్చి, అదే సత్తెనపల్లి నుంచి 1952, 1955, 1962, 1967లలో నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. మొదట్లో కమ్యూనిస్టులతో కలిసి నడిచినా, తర్వాత స్వతంత్రుడిగా నిలబడే గెలిచారు. పార్టీ అండ లేకుండా గెలవడం ఆనాడూ తేలిక కాదు. మోకాళ్ల కిందికి దిగని ఖద్దరు బట్టలు, భుజాన ఒక గుడ్డ సంచి, ఇదీ ఆయన వేషం. అందుకే జనం ఆంధ్రా గాంధీ అన్నారు.

కృష్ణా నీళ్లు పల్నాటి మెట్ట పొలాలకు పారాలని నాగార్జునసాగర్ కోసం ఆందోళన చేసినవారిలో ఆయన ముఖ్యులు. అయితే నాకు అంతకంటే పెద్దదిగా తోచేది, సభ్యత్వం ముగిసిన తర్వాత, 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులుగా, ప్రభుత్వ కార్యాలయాల ఫైళ్లలోకి తెలుగును తీసుకురావడానికి చేసిన కృషి. 1992లో పద్మభూషణ్ వచ్చింది. పెళ్లి చేసుకోలేదు, 2003లో కన్నుమూశారు.

ఆయన శాసనసభ ప్రసంగాల ప్రతులు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఇక్కడ పంచుకోగలరు.