తెర మార్చే ముందు ఒక్క రికార్డింగ్

సంపాదక మహాశయులకు,

స్మార్ట్‌ఫోన్ తెర మిణుకుమిణుకుమంటోందని ఎవరైనా అడిగినప్పుడు పత్రికల సాంకేతిక శీర్షికలలో తరచుగా కనిపించే సమాధానం రెండు ముక్కల్లో ముగుస్తుంది: ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అప్పటికీ తగ్గకపోతే డిస్‌ప్లే మార్పించండి. మొదటిది ఫోన్‌లోని ఫొటోలను, సందేశాలను తుడిచిపెట్టే పని. రెండవది ఫోన్ మరమ్మతులలో బాగా ఖరీదైన వాటిలో ఒకటి. ఈ రెండూ అవసరం లేకుండానే సరిపోయే సందర్భాలు ఎన్నో ఉన్నందువల్ల, లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతిని ముందు చెప్పి ఆ తరువాతే చికిత్స సూచించాలని నా మనవి.

తెరపై మనం చూసే బొమ్మ రెండు దశల్లో తయారవుతుంది. ముందు సాఫ్ట్‌వేర్ బొమ్మను కూర్చుతుంది, తరువాత ప్యానెల్ దానిని వెలిగించి చూపుతుంది. తెరపై కనిపించేదాన్ని ఫోనే వీడియోగా భద్రపరిచే స్క్రీన్ రికార్డర్ పట్టుకునేది మొదటి దశను మాత్రమే. కాబట్టి మిణుకు వస్తున్న సమయంలోనే రికార్డింగ్ చేసి, ఆ వీడియోను మరో ఫోన్‌లో చూడాలి. అదే ఫోన్‌లో చూస్తే ఏ మిణుకు ఎక్కడిదో తెలియదు. వీడియోలోనూ కనిపిస్తే తప్పు ఏదో యాప్‌దో సిస్టమ్‌దో అనుకోవచ్చు, వీడియో నిలకడగా ఉంటే ప్యానెల్‌ను, దాని కేబుల్‌ను, ప్రకాశ నియంత్రణను అనుమానించాలి. ఈ రికార్డర్ ఐఫోన్లలో 2017 నాటి ఐఓఎస్ 11 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2020 నాటి 11వ వెర్షన్ నుంచి సిస్టమ్‌లోనే భాగంగా ఉంది.

అయితే మిణుకుతున్న తెరను మరో ఫోన్ కెమెరాతో వీడియో తీసి, అందులో నల్లటి చారలు కదులుతున్నాయని కంగారుపడేవారు చాలామంది ఉన్నారు. తెర వెలిగి ఆరే వేగానికి, కెమెరా షట్టర్ వేగానికి పొంతన కుదరనప్పుడు నిక్షేపంలాంటి ఫోన్‌లో కూడా ఆ చారలు వస్తాయి. అది పరీక్షగా పనికిరాదు.

రికార్డింగ్‌లోనూ మిణుకు ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి చూడాలి. అక్కడ మనం వేసుకున్న యాప్‌లు పనిచేయవు కనుక, మిణుకు ఆగిపోతే ఇటీవల వేసిన వాటిని, ముఖ్యంగా నీలికాంతి ఫిల్టర్ల వంటి, ఇతర యాప్‌లపై పొరలా పరుచుకునే వాటిని ఒక్కొక్కటిగా తీసివేస్తే దోషి దొరుకుతుంది. రికార్డింగ్ నిలకడగా ఉన్నా వెంటనే ప్యానెల్‌దే తప్పని తీర్పు చెప్పకూడదు. ఆండ్రాయిడ్‌లో బొమ్మ పొరలను కొన్నిసార్లు డిస్‌ప్లే హార్డ్‌వేరే నేరుగా కలుపుతుంది, అక్కడ వచ్చే తేడా రికార్డింగ్‌కు ఎక్కకపోవచ్చు. మామూలుగా కనబడకుండా ఉండే అమరికల జాబితా డెవలపర్ ఆప్షన్స్‌లో 'డిజేబుల్ హెచ్‌డబ్ల్యూ ఓవర్‌లేస్' ఆన్ చేస్తే మిణుకు ఆగిందంటే తెర మార్చవలసిన పని లేదు. ఆటో బ్రైట్‌నెస్‌ను ఆపి చూడటం అంతకన్నా తేలిక: కాంతిని కొలిచే సెన్సర్ మీద స్క్రీన్ గార్డు అంచో వేలి నీడో పడుతుంటే వెలుతురు ఊరికే హెచ్చుతగ్గులవుతుంది. ఐఫోన్‌లో ఈ మీట డిస్‌ప్లే అమరికలలో కాక యాక్సెసిబిలిటీలో ఉండటం వల్ల చాలామందికి కనబడనే కనబడదు. రిఫ్రెష్ రేటును, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను తాజా చేస్తుందో ఆ లెక్కను, 60 హెర్ట్జ్‌కు స్థిరపరిచి చూడటం కూడా అవసరం, ఎందుకంటే పిక్సెళ్లు తమంత తామే వెలిగే ఓఎల్ఈడీ తెరలు కొన్నింటిలో వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు 60, 120ల మధ్య మారే క్షణంలో రంగు కొద్దిగా తేడాపడి మెరుపులా కనిపిస్తుంది.

అసలు లోపమే కాని మిణుకు కూడా ఒకటుంది. చాలా ఓఎల్ఈడీ తెరలు వెలుతురు తగ్గించడానికి పిక్సెళ్లను అతివేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటాయి. ఆ వేగం కొన్ని ఫోన్లలో సెకనుకు 240 సార్లు ఉంటే, మరికొన్నింటిలో 1,920 సార్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. ఎక్కువమందికి ఇది కంటికి తెలియదు గాని, కొందరికి చీకట్లో తక్కువ వెలుతురుతో చదివేటప్పుడు కళ్లు లాగడం, తలనొప్పి రావడం జరుగుతుంది. అలాంటివారు బ్రైట్‌నెస్‌ను కాస్త పెంచి ఉంచి, ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన 'ఎక్స్‌ట్రా డిమ్'తోనో, ఐఫోన్‌లోని 'రెడ్యూస్ వైట్ పాయింట్'తోనో తెరను మందగింపజేసుకోవచ్చు. ఈ వేగం ఎక్కువగా ఉన్న ఫోన్ల ప్రకటనలలో ఆ అంకె ఘనంగా కనిపిస్తుంది, తక్కువగా ఉన్నవాటి పెట్టె మీద వెతికినా దొరకదు. ఫోన్ల సమీక్షలు ప్రచురించేటప్పుడైనా దీనిని తప్పక పేర్కొనడం మంచిది.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే తెర అదురుతుంటే ముందు ఛార్జర్‌ను, కేబుల్‌ను మార్చి చూడాలి. ఆన్ చేయగానే వచ్చే కంపెనీ లోగో దగ్గర కూడా మిణుకుతుంటే సమస్య హార్డ్‌వేర్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు రీసెట్ చేయడం వల్ల పోయేది సమాచారమే. కింద పడిన తరువాత మొదలైన మిణుకుకు లోపలి డిస్‌ప్లే కనెక్టర్ వదులవడం కూడా కారణం కావచ్చు. దానిని ఊడదీసి తిరిగి బిగించి చూశాకే కొత్త తెర సంగతి మాట్లాడమని మరమ్మతు చేసేవారిని అడగవచ్చు. తెర అంచు పైకి లేచి కనిపిస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు కనుక నొక్కకుండా, ఛార్జింగ్ పెట్టకుండా, ఫోన్ ఆపివేసి మరమ్మతుకు ఇవ్వాలి.

ఇకముందు మీ శీర్షికకు ఇటువంటి ప్రశ్న పంపే పాఠకులను, రికార్డింగ్‌లో మిణుకు కనిపించిందా, లోగో దగ్గర వచ్చిందా, ఛార్జర్ తీసినప్పుడు ఆగిందా అనే మూడు వివరాలు కూడా జతచేయమని కోరవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు