మీ అమ్మాయి సీటు వెనక ఒక కొట్టు

ఒరేయ్,

మీ అమ్మాయికి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందన్న కబురు చదివి ఇల్లంతా వినిపించాను. నువ్వు ఈపాటికి ఫీజుల లెక్కల్లో తల పట్టుకుని ఉంటావు. కాస్త ఆ కాగితాలు పక్కన పెట్టు, ఇంకో లెక్క చెబుతాను.

ఆ విశ్వవిద్యాలయం పుట్టుకకు దారి వేసిన చట్టం జస్టిన్ మోరిల్‌ది. ఆయన మాత్రం కాలేజీ గడప తొక్కలేదు. 1810లో వెర్మాంట్‌లోని స్ట్రాఫర్డ్ అనే పల్లెలో కమ్మరి ఇంట పుట్టాడు. చదివించే స్తోమత లేక చిన్నతనంలోనే బడి మాన్పించి కొట్లో గుమాస్తాగా పెట్టారు. తర్వాత ఊళ్లోనే వాటా కలిపి వ్యాపారం చేసి, ముప్ఫై ఎనిమిదేళ్లకే "ఇక చాలు" అని తప్పుకున్నాడు. ఆ వయసుకి మనం ఇంటి అప్పు వాయిదాలు లెక్కపెట్టుకుంటున్నాం!

తన ఇంటికి తానే నమూనా గీసి, గులాబీ రంగు వేయించాడు. కిటికీ తెరల మీద ప్రకృతి దృశ్యాలు చిత్రించి ఉంటాయి. లోపల కూర్చున్నవాడికి వీధి కనిపిస్తుంది, వీధిలో వాడికి లోపలి మనిషి కనిపించడు. కొట్టు నడిపినవాడి తెలివి కాక మరేమిటి?

1855లో కాంగ్రెస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, అడుగుపెట్టి, 1898లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన చట్టం కూడా గల్లాపెట్టె దగ్గర పుట్టినట్టే ఉంటుంది. ఒక్కో రాష్ట్రానికి, దానికి ఎందరు కాంగ్రెస్ సభ్యులుంటే అన్ని 30,000 ఎకరాల ప్రభుత్వ భూమి. అమ్మిన సొమ్ము అసలు కదపకూడదు, వడ్డీతో వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే కాలేజీ నడపాలి. 1859లో అధ్యక్షుడు బుకానన్ తిప్పికొట్టాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది సభ్యులు వెళ్లిపోయాక, 1862 జూలై 2న లింకన్ సంతకం పెట్టాడు. పర్డ్యూ ఉన్న ఇండియానా రాష్ట్రానికి పదమూడుగురు సభ్యులు, అంటే 3,90,000 ఎకరాల భూమి హక్కు పత్రాలు. ఎకరం డాలరు కూడా పలకలేదు. అయినా 1869లో పర్డ్యూ లేచింది. మనం చదివిన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని 1964లో పోసింది కూడా ఆ అచ్చులోనే!

ఒక్కటే నాకు మింగుడుపడదు. పంచిన ఆ నేలలో ఎంతో భాగం అక్కడి ఆదివాసులను ఖాళీ చేయించి తీసుకున్నది. చిట్టా ఎంత శుభ్రంగా రాసినా, సరుకు పరాయిది. మీ అమ్మాయికి ఈ సంగతి కూడా చెప్పు.

బయల్దేరే ముందు తనని ఒకసారి తీసుకురా. మీ చెల్లెలు గోంగూర పచ్చడి కట్టిపెడతానంటోంది. సూట్‌కేసులో నూనె కారితే మాత్రం నన్ను తిట్టకు.

నీ
పాత రూమ్మేటు