సెన్సర్ మరి వేటికి స్పందిస్తుందో కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఒక్కసారి ఊదితే చాలు మధుమేహం, ఉబ్బసం, పొగతాగే అలవాటు అన్నీ బయటపడతాయని చెప్పే పరికరాల గురించి మీ విజ్ఞాన పేజీలో తరచూ కథనాలు వస్తున్నాయి. పరికరం ఎంత చిన్నదో, ఎన్ని సెకన్లలో ఫలితం ఇస్తుందో, ఎంత తక్కువ మోతాదును పసిగడుతుందో వాటిలో ఉంటుంది. లోపలి సెన్సర్ ఏ రకానిదో, కొలవాల్సిన వాయువుకు కాక మరి వేటికి స్పందిస్తుందో మాత్రం ఉండదు. గ్యాస్ సెన్సర్లను సరిచూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా, ఇది వదిలేయదగ్గ చిన్న లోటు కాదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట, పొగ మానాలనుకునేవారి కోసం నడిచే ఒక శిబిరంలో ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే మీటరు బాధ్యత నాకు అప్పగించారు. ఇలాంటి పరీక్షల్లో సాధారణంగా 6 నుంచి 10 పీపీఎం మధ్య, అంటే పది లక్షల భాగాల్లో ఆరు నుంచి పది భాగాల మధ్య, ఎక్కడో ఒకచోట హద్దు పెట్టుకుని, అది దాటినవారు ఈ మధ్యనే పొగ తాగినట్టు లెక్కిస్తారు. రెండు నెలలుగా సిగరెట్ ముట్టలేదని చెప్పిన ఒక పెద్దాయన ఊదితే తెర మీద 14 కనిపించింది. మళ్లీ ఊదించాం, 15 వచ్చింది. “నిజంగానే మానేశాను బాబూ” అని ఆయన అంటుంటే అక్కడున్నవాళ్లం ఎవరమూ నమ్మలేదు. పక్కనే కూర్చున్న ఆయన భార్య మాట్లాడకుండా తల దించుకోవడం నాకిప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రం ఎందుకో అనుమానం వచ్చి, సంచిలో పట్టి ఉంచిన ఆయన ఊపిరిని హైడ్రోజన్ మీటరుకు పెట్టి చూశాను. 120 పీపీఎం చూపించింది. ఆయన పొద్దున పాలు తాగి వచ్చారు, పాలలోని లాక్టోజ్ ఆయనకు అరగదు. అరగని చక్కెర పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది, అది రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. మా మీటరులో ఉన్నది ఎలక్ట్రోకెమికల్ సెల్. కార్బన్ మోనాక్సైడ్ ఆ సెల్ ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణ చెంది కరెంటు పుట్టిస్తుంది, హైడ్రోజన్ కూడా అక్కడ అదే పని చేస్తుంది. హైడ్రోజన్‌లో పదో వంతును సెల్ పొరపాటుగా లెక్కించినా 12 పీపీఎం అదనంగా కనిపిస్తుంది. మర్నాడు పాలు తాగకుండా పరగడుపున రమ్మంటే ఆయన రీడింగు 2 దాటలేదు. ఇదంతా ఆ సెల్ డేటా షీటులో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, ఇతర వాయువుల ప్రభావం అనే చిన్న పట్టికలో ఉంది. కొనేటప్పుడు మేము చూసింది మొదటి పేజీలోని సున్నితత్వం అంకె, అంటే ఎంత తక్కువ మోతాదును పసిగడుతుందన్నది, ఒక్కటే.

అప్పటి నుంచి ఊపిరి కోసం సెన్సర్ ఎంచుకోవాలని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది సున్నితత్వం గురించి కాదు, అది మరి వేటికి స్పందిస్తుందనే. మనం వదిలే గాలి ప్రయోగశాలలోని సిలిండరు గాలి వంటిది కాదు. అందులో ఆక్సిజన్ దాదాపు 16 శాతానికి తగ్గి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ 4, 5 శాతం ఉంటుంది. 34 డిగ్రీల వెచ్చదనంతో, నీటి ఆవిరితో నిండి ఉంటుంది కాబట్టి ఆవిరి ఒక్కటే 50 వేల పీపీఎం దాకా ఉంటుంది. ఆ ఆవిరి మధ్య, శరీరం కొవ్వును కరిగించేటప్పుడు పుట్టే, ఒక్క పీపీఎం కూడా లేని అసిటోన్‌ను వెతకాలి. 1971లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీతో ఊపిరిలో దాదాపు 250 పదార్థాల జాడ చూపింది. అంటే మనకు కావలసిన వాయువు వెంట కనీసం అన్ని ఇతర పదార్థాలు సెన్సర్‌ను తాకుతాయన్నమాట.

విద్యార్థులు ప్రాజెక్టుల కోసం ఎక్కువగా తెచ్చేవి, వాయువు తగిలితే విద్యుత్ నిరోధం మారే టిన్ ఆక్సైడ్ సెన్సర్లు. వీటికి మూలమైన సెన్సర్‌కు 1962లో జపాన్‌లో నావోయోషి తగుచి పేటెంట్ కోరారు, ఆయన ఉద్దేశం గ్యాస్ లీకేజీని పట్టే అలారం. ఆ పనికి ఇవి చక్కగా సరిపోతాయి, ఎందుకంటే మండే వాయువు ఏదైనా సరే మోగడమే అక్కడ కావలసింది. ఊపిరిలో ఆ గుణమే దోషమవుతుంది. మధుమేహాన్ని అసిటోన్‌తో పసిగడతామని వచ్చిన ఒక విద్యార్థి బృందంతో నేను ముందు శుభ్రమైన గాలిని గోరువెచ్చని నీటి గుండా పంపి సెన్సర్ మీదికి వదలమన్నాను. అందులో అసిటోన్ లేదు, మనిషి ఊపిరీ లేదు. అయినా రీడింగు వాళ్లు ఊదినప్పుడు వచ్చినదానికి దగ్గరగా వెళ్లింది. నెల రోజులుగా తాము గీసిన గ్రాఫులన్నీ చాలావరకు తేమవేనని వాళ్లకు అప్పుడే అర్థమైంది. పైగా అసిటోన్ ఉపవాసంతోనూ వ్యాయామంతోనూ పెరుగుతుంది, రక్తంలోని గ్లూకోజుతో సమానంగా నడవదు కాబట్టి, సెన్సర్ ఎంత మంచిదైనా దాని మీద ఆధారపడి ఇన్సులిన్ మోతాదు నిర్ణయించడం ప్రమాదం.

మద్యం పరీక్షకు వాడే ఫ్యూయల్ సెల్ సెన్సర్, అదీ ఒక రకం ఎలక్ట్రోకెమికల్ సెల్లే, అసిటోన్‌కు దాదాపుగా స్పందించదు, అందుకే ఆ పనికి అది టిన్ ఆక్సైడ్ కంటే నమ్మదగినది. అయితే దానికీ ఒక బలహీనత ఉంది. పిండి పదార్థాలు బాగా తగ్గించి తినేవారి శరీరంలో కొంత అసిటోన్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌గా మారుతుంది, దాన్ని మాత్రం ఆ సెల్ మద్యంగానే లెక్కిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ విషయం ఇంతకంటే సులువు. 4.26 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కాంతిని అది ఎంత పీల్చుకుందో చూస్తే చాలు, కానీ గదిలోని గాలి కోసం చేసిన, 5 వేల పీపీఎం దగ్గరే ఆగిపోయే సెన్సర్‌ను ఊపిరికి వాడకూడదు.

సెన్సర్ సరైనదే అయినా ఊదే పద్ధతి తప్పితే అంకె తప్పుతుంది. ఉబ్బసంలో శ్వాసనాళాల వాపును సూచించే నైట్రిక్ ఆక్సైడ్ పరీక్ష ఇందుకు ఉదాహరణ. ఈ వాయువు నాళాల గోడల నుంచి వస్తుంది కాబట్టి నెమ్మదిగా ఊదితే ఎక్కువగా, వేగంగా ఊదితే తక్కువగా కనిపిస్తుంది. అందుకే సెకనుకు 50 మిల్లీలీటర్ల వేగాన్ని ప్రమాణంగా పెట్టారు. ముక్కులో ఇది ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది, ఆ గాలి కలవకుండా కొంత ఒత్తిడికి ఎదురుగా ఊదిస్తారు. పెద్దవారిలో 25 పీపీబీ లోపు తక్కువగా, 50 దాటితే ఎక్కువగా భావించే 2011 నాటి అమెరికన్ థొరాసిక్ సొసైటీ మార్గదర్శకాలు ఆ వేగంతో ఊదినప్పుడే వర్తిస్తాయి. పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒకటి. వేగాన్ని అదుపు చేయని పరికరంలో సెన్సర్ ఎంత ఖరీదైనదైనా ఆ అంకెలతో పోల్చడం కుదరదు.

కాబట్టి ఇలాంటి పరికరం గురించి రాసేటప్పుడు మీ విలేఖరులు తయారీదారులను కొన్ని విషయాలు అడగాలని కోరుతున్నాను. ఏ వాయువును, ఎంత మోతాదు నుంచి ఎంత మోతాదు దాకా కొలుస్తారు? తేమ నిండిన గాలితో పరీక్షించారా, లేక పొడి సిలిండరు వాయువుతోనే సరిపెట్టారా? హైడ్రోజన్, మద్యం, గదిలోని గాలి వల్ల రీడింగు ఎంత మారుతుంది? జవాబు వస్తే కథనంలో చేర్చండి, రాకపోతే రాలేదన్న మాటే అచ్చువేయండి. డేటా షీటులోని పట్టికలు చదవడంలో విలేఖరులకు సాయం కావాలంటే నేను సంతోషంగా చేస్తాను.

భవదీయుడు,
గ్యాస్ సెన్సర్ల ప్రయోగశాలలో పనిచేసే మీ పాఠకుడు