మొక్కజొన్నలో కలుపు గురించి బావకో ఉత్తరం

బావా,

మొక్కజొన్న వెయ్యబోయే చేనువీ, గట్లవీ, దుకాణంలో ఇచ్చిన కలుపు మందు సీసాదీ నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశా. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేసే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా. తీరిగ్గా చదువు, చదివాక మామయ్యక్కూడా చదివి వినిపించు.

ముందు అసలు మాట. దుకాణంలో నీకిచ్చిన ఆ సీసా మీద 2,4-డి ఇథైల్ ఎస్టర్ అని ఉంది. నీ తూర్పు గట్టు అవతల మిరప తోట కాపు మీద ఉంది. ఆ మిరప ఉన్నంతకాలం ఆ సీసా మూత తియ్యకు. వీలైతే రేపే వెనక్కిచ్చెయ్. "మొక్కజొన్నకి ఏం కాదు, వెడల్పాకు కలుపంతా మాడిపోద్ది" అని దుకాణమతను చెప్పింది అబద్ధం కాదు. కానీ మిరప కూడా వెడల్పాకు మొక్కే కదా బావా. ఆ మందుకి నీ పొలం, వాళ్ల పొలం అన్న తేడా తెలియదు.

అది ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే నీకే భయం పుడుతుంది. మొక్క పెరగడానికి తన ఒంట్లో తయారుచేసుకునే ఆక్సిన్ అనే పదార్థం ఉంటుంది. 2,4-డి దానికి నకలు. మొక్క లోపలికి వెళ్లి, పెరుగు పెరుగు అని అదుపు లేకుండా తోస్తుంది. కాడలు మెలికలు తిరుగుతాయి, ఆకులు ముడుచుకుంటాయి, చివరికి మొక్క చస్తుంది. గడ్డి జాతి మొక్కలు చాలావరకు తట్టుకుంటాయి కాబట్టి మొక్కజొన్న, జొన్న, వరిలో వాడుతున్నారు. 1945 నుంచీ మార్కెట్లో ఉన్న మందు ఇది. పాతదే, చవకే, పనిచేసేదే. చిక్కల్లా పక్క పొలంతోనే. పత్తి, మిరప, టమాటా, ద్రాక్ష, పప్పు జాతులన్నీ దీనికి మహా సుకుమారం. అందులోనూ ఎస్టర్ రకం ఎండకి ఆవిరై లేస్తుంది. గాలి లేని రోజు చూసి కొట్టినా, మధ్యాహ్నానికి ఆవిరి కదిలి అవతలి చేలో దిగుతుంది. ఇదే మందులో పొడి రూపంలో వచ్చే సోడియం సాల్ట్ రకం అట్లా ఆవిరి కాదు గానీ, తుంపర గాలికి కొట్టుకుపోవడం దానికీ ఉంది.

మా ఊళ్లో రెండేళ్ల కింద ఒకాయన మొక్కజొన్నలో 2,4-డి కొట్టాడు. పక్కన పత్తి చేను. వారం తిరిగేసరికి పత్తి ఆకులు చీలిపోయి సన్నగా అచ్చం బెండాకుల్లా తయారయ్యాయి. ఆ పత్తి రైతు ముందు ఏదో వైరస్ అనుకుని మందుల మీద మందులు కొట్టాడు. అసలు సంగతి తెలిశాక రెండిళ్ల మధ్యా మాటలు ఆగిపోయాయి. పిల్లల పెళ్లిళ్లకి కూడా పిలుచుకోలేదు. మీ పక్క మిరప వాళ్లు ఎకరానికి ఎంత పెట్టుబడి పెట్టి ఉంటారో నీకు తెలుసు. ఖమ్మం యార్డులో అమ్మితే తప్ప వాళ్ల అప్పు తీరదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మరి కలుపుకేం చెయ్యాలి అంటావు. నువ్వింకా విత్తలేదు, అదే నీ అదృష్టం. మొక్కజొన్నకి మొదటి నెల, నెలన్నర రోజులే ప్రాణం. ఆ రోజుల్లో చేను శుభ్రంగా ఉంటే తర్వాత మొక్క నీడే కలుపుని అణిచేస్తుంది. కాబట్టి కలుపు లేచాక చంపడం కంటే లేవకుండా చూసుకోవడం మీద మనసు పెట్టు. దానికి అట్రజిన్ అనే కలుపు మందు ఉంది. 50 శాతం పొడి మందు, తేలిక నేలైతే ఎకరానికి 800 గ్రాములు, మీలాంటి నల్లరేగడికి కిలో. 200 లీటర్ల నీళ్లలో కలిపి, విత్తిన 48 గంటల్లోపు నేల మీద పడాలి. మూడో రోజు దాటనివ్వకు.

నేలలో పదును ఉండాలి, ఇది మాత్రం మర్చిపోకు. పొడి మట్టి మీద అట్రజిన్ కొట్టడం డబ్బు పారబోసుకోవడమే. తడి ఉంటేనే మందు మట్టి పైపొరలో పరుచుకుని, మొలకెత్తే కలుపు వేర్లలోంచి లోపలికి వెళ్తుంది. ఆకు పచ్చబడి ఎండని తిండిగా మార్చుకునే పనిని ఆపేస్తుంది. మొక్కజొన్నకి దాన్ని లోపలే విరిచి విషం లేకుండా చేసుకునే శక్తి పుట్టుకతోనే ఉంది, అందుకే బతుకుతుంది. పెద్ద పెద్ద గడ్డలు వదలకు. గడ్డ కింద దాక్కున్న విత్తనం మందు తగలకుండా హాయిగా మొలుస్తుంది.

లెక్క చెప్తా రాసుకో. నీ పదహారు లీటర్ల ట్యాంకు ఎకరానికి పన్నెండున్నర సార్లు నింపాలి. అంటే ట్యాంకుకి 80 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో పొయ్యకు. బకెట్లో కొంచెం నీళ్లతో జావలా కలుపుకుని వడగట్టి పొయ్యి. అది కరిగే పొడి కాదు, అడుక్కి చేరుతుంది, కాబట్టి మధ్యమధ్యలో ట్యాంకు కుదుపుతూ ఉండాలి. ముందు ఒకసారి ఉత్త నీళ్లతో నడిచి చూసుకో. నీ అడుగు వేగానికి ట్యాంకు ఎంత దూరం వస్తుందో తెలిస్తే సగం తప్పులు అక్కడే పోతాయి. కొట్టేటప్పుడు వెనక్కి నడుస్తూ కొట్టు, తడిపిన నేలని తొక్కకు. పురుగుమందు నాజిల్ పనికిరాదు, అది మంచులా చిమ్ముతుంది. విసనకర్రలా పరిచే నాజిల్ అడుగు, కలుపు మందుదని చెప్తే ఇస్తారు.

కిలో కంటే ఎక్కువ వెయ్యకు. నీకు గుర్తుందో లేదో, మామయ్య ఎండాకాలంలో పెసర చల్లుతాడు. అట్రజిన్ నేలలో కొన్నాళ్లు నిలుస్తుంది, మోతాదు మించితే ఆ పెసర మొలకలు పసుపుపచ్చగా మాడిపోతాయి. మధ్య సాళ్లలో కంది వెయ్యాలనుకుంటే అట్రజిన్ అసలు వద్దు, పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరానికి లీటరు చొప్పున కొట్టుకోవాలి. ఇంకోటి, మీ బావి పక్కన ట్యాంకు కడగొద్దు. ఈ మందు భూగర్భ జలాల్లోకి దిగుతోందనే 2004లో యూరప్ దేశాలు దీన్ని పక్కన పెట్టాయి. మనం వాడుతున్నాం, వాడక తప్పట్లేదు. కనీసం తాగే నీళ్ల దగ్గర జాగ్రత్త పడదాం.

ఇంత చేసినా కొంత లేస్తుంది. గలిజేరు, పావలికూర, చిలక తోటకూర చాలావరకు అట్రజిన్‌కే లొంగుతాయి. అయినా మొండివి ఉంటాయి. విత్తిన పదిహేనో రోజు నుంచి ఇరవయ్యో రోజు మధ్యలో చేలోకి దిగి వంగి చూడు. కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉంటే టెంబోట్రయాన్ ఎకరానికి 115 మిల్లీలీటర్లు, దాంతోపాటు ఇచ్చే జిగురు మందు కలిపి కొట్టు. లేదంటే టోప్రమిజోన్ 30 మిల్లీలీటర్లు. రెండూ ఒకే తీరుగా పనిచేస్తాయి, కలుపు ఆకులు పాలిపోయి తెల్లగా అయిపోయి చస్తుంది. తెల్లబడటం చూసి కంగారుపడకు. వెడల్పాకునీ గడ్డినీ రెంటినీ పడతాయి. ఖరీదు ఎక్కువే, కాదనను. పక్కన మిరప ఉన్న నీకు అది పెట్టాల్సిన ఖర్చు. వీటినీ గాలి లేనప్పుడే కొట్టాలి. మిరప వైపు సాళ్లు మాత్రం మందు లేకుండా వదిలేసి, దంతి పట్టించి మనుషులతో తీయించు. తుంగ ఎక్కువగా ఉంటే ఇవేవీ సరిపోవు, హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ ఎకరానికి 36 గ్రాములు వాడాల్సి వస్తుంది.

ముప్పయ్యో రోజుకి ఎలాగూ యూరియా వేస్తావు. అప్పుడే సాళ్ల మధ్య గుంటక తోలి మొదళ్లకి మట్టి ఎగదోయించు. మిగిలిన కలుపు పోతుంది, మొక్క గాలికి పడదు. మందులే అన్నీ చూసుకుంటాయని గుంటక మానేసినవాళ్ల చేలు గాలివానకి పడిపోవడం ప్రతి ఏడూ చూస్తున్నా.

ఇక గట్టు సంగతి. ఫొటోలో నాకు బాగా బాధ కలిగించింది ఆ పడమటి గట్టే. సర్కారు తుమ్మ అంతగా పెరిగేదాకా ఎట్లా ఊరుకున్నారు? దాని కింద అడవి పందులు పగలంతా పడుకుని రాత్రికి కంకుల మీద పడతాయి. దాన్ని మందుతో చంపాలని చూడకు, గొడ్డలితో కొట్టి వదిలెయ్యనూ వద్దు. కొట్టిన మోడు మొదట్లో మొగ్గలుంటాయి, ఒక్కటికి పది కొమ్మలై లేస్తుంది. జేసీబీ పెట్టి, నేల తడిగా ఉన్నప్పుడే మొదలుతో సహా పెళ్లగించాలి. కట్టెలు బొగ్గు బట్టీల వాళ్లు కొనుక్కుపోతారు, జేసీబీ ఖర్చులో కొంతైనా వస్తుంది.

వయ్యారిభామని పూత రాకముందే పీకించు. చేతికి తొడుగులు లేకుండా కూలీలని దించొద్దు, దద్దుర్లూ ఆయాసమూ వస్తాయి. 1950ల్లో పుణె దగ్గర కనబడిన మొక్క ఈరోజు దేశంలో లేని చోటు లేదు. దాన్ని తినే పెంకు పురుగుని మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. వానాకాలంలో మీ గట్ల మీద కూడా కనిపించొచ్చు, గీతలున్న చిన్న పెంకు పురుగు. చంపకు దాన్ని. గట్ల మీద గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొడదామని మామయ్య అంటాడు, నాకు తెలుసు. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని లైసెన్సున్న నిపుణుల ద్వారానే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. అదీగాక మొక్కజొన్న ఆకు మీద తుంపర పడితే మొక్కజొన్న కూడా చస్తుంది. గట్టు గడ్డిని కోసి గేదెలకి వేసుకోండి.

ఇంకొక్క మాట, ఇది మనసులోంచి చెప్తున్నా. వరి కొయ్యకాళ్లలో దున్నకుండా విత్తుదామనుకుంటే ఎవరో ఒకరు పారాక్వాట్ అనే కలుపు మందు కొట్టమంటారు. చాలామంది కొడుతున్నారు, పనీ చేస్తుంది. కానీ ఆ మందు పొరపాటున లోపలికి వెళ్తే విరుగుడు లేదు బావా. ఏ పెద్దాసుపత్రికి తీసుకెళ్లినా లేదు. మన చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో పిల్లలుండగా ఆ డబ్బా నీ గడప తొక్కొద్దు. ఒక దుక్కి ఖర్చే కదా, దున్నించి విత్తుకో.

ఏ మందు కొట్టినా నిండు చేతుల చొక్కా, మాస్కు, బూట్లు వేసుకో. గాలి ఎటు వీస్తుందో చూసి, అది నీ వీపు వైపు నుంచి వచ్చేలా నడువు. బురద నీళ్లు కలపకు. ఖాళీ డబ్బాలు కాలవలో పారెయ్యకు. అన్నిటికంటే ముఖ్యం, కలుపు మందు ట్యాంకుతో పురుగుమందు కొట్టొద్దు. ఎంత కడిగినా అడుగున మిగిలిన చుక్క చాలు, మిరపలో కొడితే తోట పోతుంది. మిరప వాళ్లు అడిగినా సరే, ఆ ట్యాంకు ఇవ్వకు. ఎందుకివ్వట్లేదో కూర్చుని చెప్పు, అర్థం చేసుకుంటారు. అసలు విత్తే ముందే ఒకసారి వాళ్లింటికి వెళ్లి ఏ మందు ఏ రోజు కొడుతున్నావో చెప్పి రా.

చెల్లెమ్మకి కొత్త ఊరు అలవాటైందా? అత్తయ్య మోకాలు నొప్పి ఎట్లా ఉంది? మీ బడిలో పిల్లకి సీటు దొరికిందన్నావు, సంతోషం. విత్తే తారీకు ఖాయం కాగానే కబురు పెట్టు. కలుపు మందుకని విడిగా ఉంచుకున్న ట్యాంకు, నాజిల్ తీసుకుని ఆ సాయంత్రానికే మధిర బస్సెక్కి వచ్చేస్తా. మొదటి ఎకరం ఇద్దరం కలిసి కొడదాం.

నీ స్నేహితుడు