తోటకు గజాల లెక్కా? రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ, రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ మంత్రివర్యులకు,

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి కొబ్బరి రైతునైన నేను నమస్కరించి రాయునది.

నా కొబ్బరి తోటకు ఇంటి స్థలంలా గజాల లెక్కన విలువ కట్టి సుంకం అడుగుతున్నారని సోమవారం నాడు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన నా అర్జీకి జవాబుగా, "మీ సమస్య పరిష్కరించబడినది" అని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఏ విధంగా పరిష్కరించబడినదో తెలుసుకుందామని వెళ్లి అడిగితే, సుంకం లెక్కించడానికి ప్రభుత్వం రాసి పెట్టిన మార్కెట్ విలువలు నిబంధనల ప్రకారమే ఉన్నాయని, కనుక అర్జీని మూసివేశామని చెప్పారు. ఆ తర్వాత పై అధికారులకు పెట్టుకున్న విన్నపాలకు ఆ పాటి సందేశమైనా రాలేదు. మీ కార్యాలయానికి పోస్టులో పంపిన కాగితం చేరినట్టు రసీదు మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. అందువల్ల ఇక నలుగురికీ తెలిసేలా రాయక తప్పడం లేదు. తమరు మన్నించాలి.

నా పేర ఉన్నది నలభై సెంట్ల కొబ్బరి తోట, మా వైపు లెక్కలో నాలుగు కుంచాలు. మా నాన్నగారు పసుపు కుంకుమ కింద నాకు సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి ఇచ్చిన జిరాయితీ భూమి, అంటే సొంత పట్టా భూమి అది. ఏటిగట్టుకు నది వైపున, గట్టు దిగగానే మొదలవుతుంది. కొబ్బరి చెట్ల మధ్య కొంత కోకో, కొంత అరటి, మిగిలిన చోట కంద వేస్తాం. రెవెన్యూవారి సాగు లెక్క అయిన అడంగల్‌లో అది తోట, హక్కుల రికార్డయిన 1-బిలో తోట, పట్టాదారు పాస్‌పుస్తకంలోనూ తోటే. మా నాన్నగారు నాకు దస్తావేజు రాయించిన నాడు రిజిస్ట్రేషన్ కార్యాలయం వారు కూడా దాన్ని తోటగానే చూసి ఎకరాల లెక్కన విలువ కట్టారు. ఇప్పుడు బాకీలు తీర్చుకోవడానికి పక్క తోట రైతుకు అమ్మబోతే, అదే భూమి ఇంటి స్థలమైపోయింది. చెట్లు అవే, హద్దులు అవే, సర్వే నంబరూ అదే. ఈ మధ్యలో జరిగిందల్లా గట్టు మీద తారు వేయడం ఒక్కటే. సర్వే నంబరు రోడ్డును ఆనుకుని ఉంది గనుక గజాల లెక్కన కట్టాలట.

పక్క రైతు, నేను పెద్దమనుషుల ఎదుట ఒప్పుకున్న ధర 16 లక్షల రూపాయలు. అంటే ఎకరం 40 లక్షల చొప్పున. తెల్లదోమ పట్టి కాపు పడిపోయిన తోటకు ఇది తక్కువ ధర అని మా ఊళ్లో ఎవరూ అనరు. కార్యాలయంలో గజం 1,500 రూపాయలన్నారు. సెంటుకు 48.4 గజాల చొప్పున నలభై సెంట్లు 1,936 గజాలు, దాని విలువ 29,04,000 రూపాయలు. స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం అన్నది తమరి శాఖ లెక్కే. మేము ఒప్పుకున్న ధర మీదైతే 1,20,000 రూపాయలు కట్టాలి. వారు చెప్పిన విలువ మీదైతే 2,17,800 కట్టాలి. ఆ 97,800 రూపాయల తేడా ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర మా బేరం ఆగిపోయింది. కొనే ఆయన నన్ను ధర తగ్గించమంటారు. ఆయనను తప్పు పట్టలేను, రూపాయి రూపాయి కూడబెట్టుకున్న రైతాయన.

విలువ ఎక్కువగా ఉందనుకుంటే చట్టంలో దారి ఉంది కదా అని తమరి అధికారులు మర్యాదగానే చెప్పారు. ఆ దారి ఏమిటో తమరికి తెలుసు. స్టాంపుల చట్టం 47-ఏ సెక్షన్ కింద దస్తావేజును పెండింగ్‌లో పెట్టి, విలువ తేల్చమని పైకి పంపుతారు. అయితే అలా పంపాలంటే, తక్కువ పడిందని సబ్‌రిజిస్ట్రార్‌గారు తేల్చిన సుంకంలో సగం ముందుగా మేము జమ చేయాలి. స్టాంపు, బదిలీ సుంకాలు రెండూ కలిపి చూస్తే మా విషయంలో తేడా 84,760 రూపాయలు, అందులో సగం 42,380. నా తోట తోటేనని చెప్పుకునే అవకాశం రావడానికి, అది ఇంటి స్థలమని సగం ఒప్పుకుని డబ్బు కట్టాలన్నమాట. కట్టినా అంతటితో పని అయినట్టు కాదు. విలువ తేలేదాకా దస్తావేజు పెండింగ్‌లోనే ఉంటుంది. కొన్నవారికి రిజిస్టరైన కాగితం చేతికి రాదు, ఆ కాగితం చూపకుండా ఆయనకు బ్యాంకు అప్పు ఇవ్వదు, అప్పు రాకుండా నాకు మిగిలిన సొమ్ము అందదు. బాకీల వడ్డీ మాత్రం పెండింగ్‌లో ఉండదు. లక్షల్లో వ్యాపారం చేసేవారికి ఈ సగం జమ ఒక లెక్క కాకపోవచ్చు. నలభై సెంట్ల మనిషికి అది తలుపు మూసివేయడంతో సమానం. అందుకే మా ఊళ్లో ఈ సెక్షన్ కింద విలువ తేల్చమని అడిగినవారు నాకు తెలిసి ఒక్కరూ లేరు. ఎవరూ అడగడం లేదు గనుక విలువల మీద ఎవరికీ అభ్యంతరం లేదని పైకి రాస్తూ ఉంటారేమో కూడా.

ఇక ఆ ఇంటి స్థలం ఎలాంటిదో తమరికి చెప్పాలి. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదలో నా తోటలో మనిషి లోతు నీరు నిలిచింది. అంత పెద్ద వరద కాకపోయినా, ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే మేము ముందు చేసే పని తోటలోని పశువులను గట్టు మీదికి తోలుకు రావడమే. నీరు తీసిన తర్వాత ఒండ్రు, చెత్త ఎత్తిపోసుకోవడానికి కూలి మళ్లీ వేరే. పోనీ, ఇవేవీ లెక్క చేయకుండా అక్కడ ఒక ఇల్లు కట్టుకుంటానంటే జలవనరుల శాఖ ఒప్పుకోదు. ఏటిగట్టుకు నది వైపున కట్టడాలు వరద ప్రవాహానికి అడ్డమని, 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం దగ్గర నుంచి చెబుతారు. అది సబబే, గట్టు నిలిస్తేనే మా ఊరు నిలుస్తుంది, ఆ విషయంలో నాకు పేచీ లేదు. నేను అడిగేదల్లా, ప్రభుత్వం ఇల్లు కట్టనివ్వని చోటును అదే ప్రభుత్వం ఇంటి స్థలమని ఏ ధర్మాన అంటుందన్నది. పైగా అక్కడ రోడ్డంటే గట్టు పైభాగం. దాని మీద నుంచి నా తోటలోకి బండి దిగదు. కాయలు దింపించిన నాడు గంపలతో మోయించి గట్టు ఎక్కించాలి. ఆ కూలీ పోను దళారి కాయకు ఎంత చేతిలో పెడతాడో అంబాజీపేట మార్కెట్ చూసినవారెవరైనా తమరికి చెబుతారు.

రెవెన్యూ శాఖా, రిజిస్ట్రేషన్ శాఖా రెండూ తమరి చేతిలోనే ఉన్నాయి. అందుకే వేరెవరికో రాయకుండా తమరికే రాస్తున్నాను. ఒక చేతితో నా భూమిని తోటగా నమోదు చేసి నీటి తీరువా వసూలు చేస్తారు. రెండో చేతితో అదే భూమిని ఇంటి స్థలంగా నమోదు చేసి గజాల లెక్కన సుంకం అడుగుతారు. సరే ఇంటి స్థలమే అనుకుందాం, అయితే అడంగల్‌లోనూ అలాగే మారుస్తారా అని అడిగాను. అది వేరే విషయమమ్మా, రెవెన్యూ రికార్డు ప్రకారం మీది వ్యవసాయ భూమేనన్నారు. ఆ జవాబు ఇచ్చిన ఉద్యోగి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. అతని మీద నాకు కోపం లేదు, కంప్యూటరులో సర్వే నంబరు కొడితే వచ్చిన అంకెను మార్చే అధికారం అతనికి లేదు. కానీ ఆ అంకె దానంతట అది పుట్టలేదు కదా. సబ్‌రిజిస్ట్రార్ కన్వీనరుగా ఉండే విలువల కమిటీలో రెవెన్యూ అధికారులు కూడా కూర్చుంటారు. తమ సొంత అడంగల్ ఒక్కసారి తెరిచి చూస్తే సరిపోయేది. 2025 ఫిబ్రవరి 1న కొత్త విలువలు అమలులోకి వచ్చాయన్న సంగతి పత్రికల్లో చదివాము. అంతకు ముందు మా గ్రామ సచివాలయం గోడ మీద ముసాయిదా అంటించారని, అభ్యంతరాలు చెప్పుకోమన్నారని మాత్రం మా ఊళ్లో ఎవరి నోటా నేను వినలేదు.

పుస్తక విలువ, అంటే ప్రభుత్వం రాసుకున్న ఆ మార్కెట్ విలువ కంటే బయటి ధర ఎప్పుడూ ఎక్కువేనని, రైతులు తక్కువ చూపి ప్రభుత్వ ఆదాయానికి గండి కొడుతున్నారని తమరి శాఖవారు అంటారు. రాజమహేంద్రవరంలోనో, భీమవరంలోనో ప్లాట్ల విషయంలో అది నిజమే కావచ్చు. అక్కడ ఎంత పెంచుకుంటారో పెంచుకోండి. మా లంకల్లో మాత్రం కథ తిరగబడింది. మా సర్వే నంబరులోనే గట్టుకు దూరంగా, లోపలెక్కడో ఉన్న భాగానికి కూడా అదే గజం ధర పడుతున్నది, ఎందుకంటే కంప్యూటరుకు సర్వే నంబరు తెలుసు గాని అందులో ఎవరి ముక్క ఎక్కడుందో తెలియదు. డబ్బు చేతులు మారని దస్తావేజులకూ ఈ బాధ తప్పడం లేదు. కూతురికి రెండు కుంచాలు పసుపు కుంకుమ కింద రాసిద్దామన్నా సుంకం లెక్కించేది ఈ పుస్తక విలువ మీదే. శాతం తక్కువ కదా అంటారు, కానీ ఆ శాతం వేసే మూలమే తప్పుగా ఉన్నప్పుడు తగ్గించిన శాతం వల్ల ఒరిగేదేమిటి?

దస్తావేజు లేఖరి నాకు రెండు ఉపాయాలు చెప్పాడు. మొదటిది, 16 లక్షలకు అమ్మినా 29 లక్షలకు అమ్మినట్టు రాసి, అడిగింది కట్టి, నోరు మూసుకోవడం. అలా రాస్తే, చేతికి రాని సొమ్ము వచ్చినట్టు నేనే సంతకం పెట్టినదాన్నవుతాను. పైగా దస్తావేజులో ఇంటి స్థలమని పడితే ఆదాయపు పన్ను చట్టంలో ఒక సెక్షన్ పొంచి ఉంది. స్టాంపు విలువ అమ్మిన ధరను 10 శాతానికి మించి దాటితే, ఆ విలువకే అమ్మినట్టు లెక్కగట్టమంటుందది. పల్లెలో వ్యవసాయ భూమికి ఆ బెడద లేదు, కానీ నాది వ్యవసాయ భూమి అని నిరూపించుకోవలసిన భారం నా నెత్తినే పడుతుంది, తమరి శాఖ ముద్ర వేసిన కాగితమే నాకు ఎదురు సాక్ష్యమవుతుంది. రెండో ఉపాయం, రిజిస్ట్రేషనే మానేసి తెల్ల కాగితం మీద ఒప్పందం రాసుకోవడం. రిజిస్టరు కాని అమ్మకంతో హక్కు రాదని కొనేవారికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా మా చుట్టుపక్కల అదే జరుగుతున్నది. అటువంటి చోట ప్రభుత్వానికి వచ్చేది 7.5 శాతమూ కాదు, ఒక్క పైసా కూడా కాదు. బదిలీ సుంకంలో వాటా రావలసిన పంచాయతీకీ రాదు. ఆ వాటా వస్తే మా వీధి మురుగు కాలువ బాగుపడేదని నేను అనను, అంత ఆశ నాకు లేదు.

ఒక్కమాట అడుగుతాను. రేపు ఏటిగట్టు వెడల్పు చేయడానికి నా తోట కావలసి వస్తే, భూసేకరణ అధికారి నాకు గజానికి 1,500 చొప్పున లెక్కగట్టి ఇస్తారా? అప్పుడు అడంగల్ తీసి, ఇది తోట కదమ్మా అంటారని నా అనుమానం. ఇదే పుస్తక విలువను పట్టుకుని ఆదిలాబాద్ భూయజమాని ఒకాయన భూసేకరణ పరిహారం పెంచమంటే, సుంకాల వసూలు కోసం రాసుకున్న ఆ రిజిస్టరుకు చట్టబద్ధత లేదని, దాన్నిబట్టి పరిహారం తేల్చరాదని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 1998లో నిబంధనలు రాసి ఈ విలువలకు బలం చేకూర్చారు. మంచిదే. బలం చేకూర్చిన అంకె నిజమైన అంకె కూడా అయి ఉండాలని అప్పుడెవరికీ తోచలేదా?

ఇప్పుడు నేను కోరేది చెబుతాను. అడంగల్‌లో తోటగా, పొలంగా ఉన్న భూమిని, వ్యవసాయేతర అవసరానికి వాడనంత కాలం ఎకరాల లెక్కనే విలువ కట్టమని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఏటిగట్టుకు నది వైపున ఉన్న జిరాయితీ భూములకు గజాల లెక్క పూర్తిగా తీసివేయించండి. 47-ఏ కింద విలువ తేల్చమని అడిగే చిన్న రైతుల దగ్గర సగం జమ అడగకండి, అందుకు చట్టం సవరించాలంటే సవరించండి, శాసనసభలో తమరికి బలం తక్కువేమీ లేదు. అంతవరకూ కనీసం దస్తావేజు పెండింగ్‌లో పెట్టే ముందు ఒక అధికారి వచ్చి భూమిని కళ్లతో చూసి వెళ్లే ఏర్పాటైనా చేయండి. ఇవన్నీ ఒక్కసారిగా కావంటే, నది వైపు భూముల సంగతి ముందు చూడండి.

కొనే ఆయన రాసుకున్న ఒప్పందం గడువు వచ్చే మాసాంతంతో తీరిపోతుంది. ఆయన ఇంకొక గడువు ఇస్తారని నేను అనుకోవడం లేదు. ఈలోగా తమరు ఎవరినైనా పంపితే, గట్టు మీద నుంచి తోటలోకి దిగే మెట్ల దారి నేనే దగ్గరుండి చూపిస్తాను. వరద రోజుల్లో పంపితే మాత్రం ముందుగా కబురు చేయించండి, పడవ మాట్లాడి ఉంచుతాను.

ఇట్లు,
భవదీయురాలు,
కోనసీమ లంక గ్రామానికి చెందిన ఒక కొబ్బరి రైతు