ఆ ‘ఏలయనగా’ నీకు చెప్పలేదు నాన్నా

గుంటూరు,
డిసెంబరు 9

నాన్నా,

ఎలా ఉన్నావు? ఆదివారం ఫోన్‌లో నువ్వన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. “బెట్టింగ్‌లో పోగొట్టిన చెల్లి ఫీజు డబ్బు మొత్తం తీర్చాకే ఇంటికి వస్తానమ్మా. అప్పటిదాకా ఏ మొహం పెట్టుకుని గుడిలో ప్రభువు బల్ల దగ్గర నిలబడను?” అన్నావు. నేను ఏదో చెప్పబోయేలోగా జాకెట్ల కోసం ఇద్దరొచ్చారు, పెట్టేశాను. నిజానికి వాళ్లు రాకపోయినా నాకు మాట వచ్చేది కాదు. నీకు ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. అది ఫోన్‌లో చెప్పేది కాదు. అందుకే పని ముగించి, కటింగ్ బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. టైము పన్నెండు దాటింది.

చిన్నప్పుడు ఈ కటింగ్ బల్ల దగ్గర నీకో పని ఉండేది, గుర్తుందా? కుట్టడం అయిపోయిన ప్రతి జాకెట్టుకీ, ప్రతి లంగాకీ మిగిలిన బట్ట మడతపెట్టి గుండుసూదితో గుచ్చడం. రెండు వేళ్ల వెడల్పు పీలికైనా సరే గుచ్చమనేదాన్ని. “ఎందుకమ్మా, ఇవి ఎవరిక్కావాలి? మిగతా టైలర్లు ఎవరూ ఇవ్వరు కదా” అనేవాడివి. “ఎవరిది వాళ్లకివ్వాలి, అంతే” అని గదిమేదాన్ని. నీ ప్రశ్నకి అసలు జవాబు అది కాదు. ఇన్నేళ్లూ అది నీకు బాకీ ఉన్నాను.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. పెళ్లి కాలేదు. ఒక షాపులో పీసుకి ఇంత అని కుట్టేదాన్ని. డిసెంబరు వస్తే తెలుసుగా, క్రిస్మస్ బట్టలు కుట్టీ కుట్టీ కాళ్లు వాచిపోతాయి. మన సంఘంలోని ఒక టీచరమ్మ తన ముగ్గురు ఆడపిల్లలకి లంగాలు కుట్టమని పట్టుబట్ట ఇచ్చింది. నెమలికంఠం రంగు, చిన్న చిన్న జరీ బుటాలు. ఏడాదంతా చీటీ కట్టి కొన్నానని ఆవిడే చెప్పింది. నేను కుచ్చిళ్లు కాస్త తగ్గించి కత్తిరించి, ముప్పావు మీటరు మిగిల్చుకున్నాను. “సరిగ్గా సరిపోయిందండీ” అన్నాను. మా అక్క కూతురికి అప్పుడు పది నెలలు. దానికి ఆ బట్టతో గౌను కుట్టాను. అందరూ చేసేదేగా అనుకున్నాను. దొంగతనం అన్న మాట నా మనసులోకే రాలేదు.

క్రిస్మస్ తెల్లవారుజామున ఆరాధనకి మా అక్క పాపకి ఆ గౌనే తొడిగి తీసుకొచ్చింది. తొడగొద్దని ఏమని చెప్పను? పాప నా ఒళ్లో ఉంది. రెండు వరసల ముందు టీచరమ్మ పిల్లలు ముగ్గురూ అదే బట్టలో వరసగా నిలబడి పాట పాడుతున్నారు. ఆవిడ ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత అయ్యగారు ఏం ప్రసంగించారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

ఆరాధన అయిపోయాక అందరూ చేతులు కలుపుకుంటుంటే ఆవిడ నేరుగా నా దగ్గరికే వచ్చింది. పాపని ఎత్తుకుంది. గౌను అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా రాసి చూసింది. ఆ రెండు వేళ్లు నాకిప్పటికీ కనిపిస్తాయి నాన్నా. తను కొన్న పట్టు చేతికి తగిలితే ఏ ఆడదానికి తెలియదు? పాప మెడ వంక చూసి, “కుట్టు ఒరుసుకుని ఎర్రగా అయిందమ్మా. లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టు” అని ముద్దు పెట్టి నా చేతికిచ్చింది. అంతే. వెళ్లిపోయింది.

ఆ వారమంతా భయంతో చచ్చాను. షాపులో చెప్తుంది, పని పోతుంది, సంఘంలో తలెత్తుకోలేను అని. ఎవరూ ఏమీ అనలేదు. జనవరిలో ఆవిడ మళ్లీ వచ్చింది. ఇంకా ఖరీదైన బట్ట, ఇంకా ఎక్కువ బట్ట. “ఆ అమ్మాయే కుట్టాలి” అని నన్ను చూపించింది. “మిగిలినదాంతో పాపకి ఇంకో గౌను కుట్టు, ఎదిగే పిల్ల కదా” అంది.

నేను ఆవిడ వెనకాలే రోడ్డు మీదికి పరిగెత్తాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. “తెలుసమ్మా. ఆ రోజే తెలుసు” అంది. మరి అడగలేదేం అన్నాను. “నా లెక్కలు దేవుడు అందరి ముందూ విప్పలేదుగా” అంది.

ఆ బట్ట ఖరీదు నాలుగు నెలల్లో కొంచెం కొంచెంగా కట్టాను. ఆవిడ వద్దనకుండా తీసుకుంది. కానీ నేను ఒక్క రూపాయి కూడా కట్టకముందే మళ్లీ తన బట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈ వరస చూశావా? దీని కోసమే ఈ ఉత్తరం.

ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఎవరి బట్టలోంచీ పీలిక కూడా తీసుకోలేదు. దొరికిపోతానన్న భయంతో కాదు, నిజానికి అప్పటికే దొరికిపోయాను కదా. ఇక తీసుకోబుద్ధి కాలేదు, అంతే. కత్తెర పట్టుకున్న ప్రతిసారీ ఆ రెండు వేళ్లే గుర్తొచ్చేవి.

బైబిల్లో పౌలు క్రేతు ద్వీపంలో ఉన్న తీతుకి రాసిన చిన్న పత్రిక, అంటే ఉత్తరం, ఉంది చూడు, అందులో రెండో అధ్యాయం క్రిస్మస్ పండుగకి చాలా సంఘాల్లో చదువుతారు. సమస్త మనుష్యులకు రక్షణకరమైన దేవుని కృప ప్రత్యక్షమై అని పదకొండో వచనం నుంచి అందుకుంటారు. దాని పైన ఏముందో పండగనాడు ఎవరూ చదవరు. పైన దాసులకి చెప్పిన మాటలున్నాయి. యజమానుల సొమ్ము ఏదీ అపహరించకండి అని. పెద్ద దోపిడీలు కాదు, వంటింట్లోంచి, కొట్టుగదిలోంచి ఇంత చేతివాటం చూపించడం. అచ్చం నా ముప్పావు మీటరు లాంటిది. ఆ చిల్లర దొంగతనం గురించి చెప్పి, వెంటనే ‘ఏలయనగా’ అంటాడు, ఎందుకంటే అని. ఎందుకు దొంగిలించకూడదు? ఏలయనగా, కృప వచ్చేసింది గనుక. దొంగతనం మానేస్తే కృప వస్తుందని అనలేదు.

నీ విషయంలో నా తప్పు అక్కడే ఉంది. నీకు పీలికలు గుచ్చడం నేర్పాను గానీ ఆ ‘ఏలయనగా’ చెప్పలేదు. సిగ్గుపడ్డాను. కొడుకు ముందు చులకనవుతానని దాచాను. “అబద్ధం ఆడకు, ఎవరి వస్తువూ ముట్టుకోకు, మంచిగా ఉంటేనే క్రిస్మస్ తాత వస్తాడు” అని పెంచాను. దాంతో నీకు ఇల్లన్నా, గుడన్నా మంచివాళ్లు మాత్రమే వచ్చే చోటని స్థిరపడిపోయింది. ఇవాళ నువ్వు తప్పు చేసి రెండు క్రిస్మస్‌లుగా రాకుండా ఉన్నావంటే, అందులో నా పెంపకం కూడా ఉంది. నన్ను క్షమించు నాన్నా.

కన్ఫర్మేషన్ క్లాసులో మార్టిన్ లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరి అప్పజెప్పినవాడివి నువ్వు. 1529 నాటిది ఆ పుస్తకం. నా సొంత బుద్ధితోగానీ బలంతోగానీ క్రీస్తు దగ్గరికి రాలేను, పరిశుద్ధాత్మే నన్ను పిలిచాడు అన్న అర్థం వచ్చే భాగం నువ్వు తడబడకుండా చెప్తే మీ నాన్న చప్పట్లు కొట్టారు. ఆ మాట అప్పుడు నీకు మార్కుల కోసం. ఇప్పుడు ఒకసారి మళ్లీ చెప్పుకుని చూడు.

మనవాళ్ల కథల్లో వరం అంటే ముందు తపస్సు ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడి ఏళ్లకేళ్లు చేస్తే అప్పుడు దేవుడు ప్రత్యక్షమవుతాడు. ఎఫెసీయులకు రాసిన పత్రికలోనూ ‘వరం’ అన్న మాటే ఉంది, కానీ అక్కడ తపస్సు లేదు. మీవల్ల కలిగింది కాదు, దేవుని వరమే అని ఉంది. అక్కడితో ఆగకుండా పక్క వచనాల్లోనే, సత్క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడనీ ఉంది. పనులు లేకుండా పోలేదు, వాటి చోటు మారింది. సుంకం వసూలు చేసే జక్కయ్య సంగతీ అంతే. అతను మేడిచెట్టు దిగకముందే ప్రభువు నీ ఇంటికొస్తున్నానన్నాడు. ముందు లెక్కలు తేల్చు, ఆ తర్వాత వస్తా అనలేదు. సగం ఆస్తి బీదలకి, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు అని జక్కయ్య నోటి నుంచి వచ్చింది ఆ తర్వాతే.

ఈ సంవత్సరం లూకా సువార్త చదువుతుంటే పసి యేసుని చుట్టిన ‘పొత్తిగుడ్డలు’ దగ్గర ఆగిపోయాను. బట్టలతో బతికేదాన్ని కదా, ఆ మాట మీద నుంచి తేలిగ్గా దాటిపోలేను. నువ్వు కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టావు. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చి, 1930లో ఇక్కడే కన్నుమూసిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ పేరుతో ఉన్న ఆసుపత్రి అది. మీ అమ్మమ్మ తన పాత నేతచీర ముక్కలుగా చింపి, వేణ్నీళ్లలో ఉడికించి, ఎండలో ఆరేసి సంచిలో పెట్టుకొచ్చింది. కొత్తబట్ట గరుగ్గా ఉంటుంది, ఉతికీ ఉతికీ మెత్తబడిన బట్టే పసికందు ఒంటికి పనికొస్తుంది. ఆ ముక్కల్లో నిన్ను చుట్టి నా పక్కన పెట్టారు. అప్పటికి నువ్వు చేసిన మంచి ఏముంది, ఏడవడం తప్ప? మన ప్రభువు కూడా అలాంటి గుడ్డల్లోనే పడుకున్నాడు. ఇంకొకరు చుట్టబెడితే తప్ప వెచ్చగా ఉండలేని స్థితికి దేవుడే దిగొచ్చాడు. ఇదంతా మనం బాగుపడి, కబురు పంపిన తర్వాత జరిగింది కాదు కదా.

ఇక చెల్లి సంగతి. దాని తరఫున నేను మాట్లాడను. లక్షా నలభై వేలు ఆ బెట్టింగ్‌లో పోశావు. అరవై ఐదు వేలు తిరిగి పంపావు, మిగతాదీ పంపుతావు, నాకు అనుమానం లేదు. కానీ ఆ ఫీజు కట్టలేక అది నర్సింగ్‌లో ఏడాది ఆలస్యంగా చేరింది. ఆ ఏడాదిని ఏ నెల జీతంలోంచి పంపుతావు? అందుకే చెప్తున్నాను, ‘మొత్తం తీర్చాక’ అన్న రోజు రాదు. నువ్వొస్తే అది మొహం తిప్పుకోవచ్చు, వాకిట్లోకి వెళ్లిపోవచ్చు. దానికి ఆ హక్కుంది. నువ్వు మాత్రం ఎదురుగా నిలబడి, తప్పు చేశానని నీ నోటితో చెప్పు. ఇప్పటిదాకా అకౌంట్లో డబ్బు వేశావే గానీ ఆ ఒక్క మాట అనలేదని అది మొన్న ఏడ్చింది.

కృప మనకి బోధిస్తుందని అదే తీతు పత్రికలో ఉంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినట్టు అనుకో. కాజా కుట్టడం నీకు నేర్పాను చూడు, వేలికి సూది గుచ్చుకున్నా, దారం చిక్కుపడ్డా, విప్పి మళ్లీ కుట్టించేదాన్ని, అలాగ. అది నేర్పేవాటిలో స్వస్థబుద్ధి, అంటే మనసు అదుపులో ఉండడం, ఒకటి అంటాడు పౌలు. నీకు జీతం పడే రాత్రి ఎలా ఉంటుందో నువ్వే చెప్పావు. రూములో ఒక్కడివే, చేతిలో ఫోను, ఒక్కసారి వేస్తే చెల్లి డబ్బంతా ఒకేసారి తీర్చేయొచ్చుననే ఆలోచన. ఆ టెన్షన్‌లో ఒంటరిగా కూర్చోకు. ప్రార్థన చేసుకో, ఆ వెంటనే నాకు ఫోన్ చెయ్యి. ఏమీ మాట్లాడక్కర్లేదు. స్పీకర్ పెట్టుకుని నా మిషన్ చప్పుడు వింటూ పడుకో. నేను రెండింటిదాకైనా కుడతాను, పండగ నెల కదా.

మీ నాన్న నిన్న అటక మీంచి స్టార్ దించారు. ఒక కోణం చిరిగింది, అతికిస్తున్నారు. ఇరవై రెండున క్యారల్స్ మన వీధికొస్తాయట. అరిసెలకి బియ్యం ఇరవైన నానబోస్తాను. నువ్వు ఇరవై మూడు రాత్రి బండెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటావు. ఇంటికి రావడానికి భయమైతే స్టేషన్ నుంచి ఫోన్ చెయ్యి, నేనే వస్తాను.

నీకు చొక్కా కత్తిరించి పెట్టాను. లేత నీలం, నూలుబట్ట. కొలతలు రెండేళ్ల కిందటివి. భుజాలు మారాయో, చిక్కిపోయావో తెలియదు, అందుకని పక్కల్లో అంగుళంన్నర బట్ట లోపలికి వదిలాను. చేతులు ఇంకా అతకలేదు. కాజాలు తియ్యలేదు. అవి నువ్వు వచ్చి నిలబడ్డాక చూసి కుడతాను.

వందనాలతో,
నీ అమ్మ